పీడనకాల చరిత్రము: బాలబోధనమునందు చారిత్రక నవల

చరిత్రమును బాలురకు బోధించుటకు నవల తగిన సాధనమగునా యను ప్రశ్నము తెలుఁగువారికిఁ గ్రొత్తది గాదు. 1906 సంవత్సరమున హైదరాబాదునందు స్థాపింపఁబడిన విజ్ఞానచంద్రికా మండలి శాస్త్రగ్రంథములతోఁబాటు చారిత్రక నవలలను గూడ ప్రోత్సహించి, వానికి బహుమానము లేర్పఱచినది. తరువాతి కాలమున అడివి బాపిరాజుగారి ‘గోన గన్నారెడ్డి’, నోరి నరసింహశాస్త్రిగారి ‘రుద్రమదేవి’ మొదలగునవి విద్యార్థులు ప్రీతితోఁ జదువు గ్రంథములైనవి. ఈ నవలలలోని యుద్ధములు కోటలకును గొలువులకును సంబంధించినవి. అందు గెలిచినవారును ఓడినవారును మనకు మిక్కిలి దూరమున నున్నారు. వారి కథ చదివిన బాలునకు పూర్వులయందు గౌరవము కలుగును. ప్రక్కనున్న సహాధ్యాయియందు అనుమానము కలుగదు. ఆ నవలల బోధనమునందు ఉపాధ్యాయునకు భయపడవలసిన పని లేదు.

1946 మొదలు 1948 వఱకు హైదరాబాదు సంస్థానమున జరిగిన పీడనము అట్టిది గాదు. అది మన తాతల కన్నుల యెదుట జరిగినది. ఆ పీడన మనుభవించినవారి మనుమలును, ఆ పీడకుల పేరు చెప్పి తరువాత పీడింపఁబడినవారి మనుమలును నేఁడు సికిందరాబాదు పాఠశాలలలో ఒక్క బల్లమీఁదఁ గూర్చుండి చదువుకొనుచున్నారు. ఇట్టి విషయమును కల్పనాకథల మూలమున బోధించుట యుక్తమా? యుక్తమైనచో నెట్టి కథలు తగును? ఎట్లు బోధింపవలయును? ఈ మూఁడు ప్రశ్నములే ఈ వ్యాసమునకు విషయము.

చరిత్రాంశము నిచట సంగ్రహముగాఁ జెప్పుట యవసరము. దేశమునకు స్వాతంత్ర్యము వచ్చిన పిమ్మట హైదరాబాదు సంస్థానము భారతదేశమునఁ జేరక, 1947 నవంబరు 29వ తేదీని యథాతథపు టొడంబడిక మాత్రము చేసికొనెను. మజ్లిసె ఇత్తెహాదుల్ ముస్లిమీన్ సంస్థకుఁ జేరిన రజాకారులు, లాతూరు న్యాయవాది యగు కాసిం రజ్వీ నాయకత్వమున, గ్రామములమీఁదఁ బడి దోఁపిళ్ళును హత్యలును గావించిరి. 1948 ఆగస్టు 27వ తేదీని బైరానుపల్లి గ్రామస్థులు తమ యూరి బురుజు నాశ్రయించి యెదిరించి, తుదకు మూకుమ్మడిగాఁ జంపఁబడిరి. అదే నెలలో, రజాకారులను ఖండించి వ్రాసిన ‘ఇమ్రోజ్’ పత్రికాధిపతి షోయబుల్లాఖాను రాజధానిలోనే హత్య చేయఁబడెను. సెప్టెంబరు 13వ తేదీని భారతసైన్యము సంస్థానమునఁ బ్రవేశించెను. 17వ తేదీని నిజాము లొంగిపోయెను. పోలీసు చర్య యని పేరువడినది ఇదియే. ఆ వెనుక జరిగినదాని సంగతి ముందు చెప్పుదును.

ఇట్టి విషయము బడిలో వలదనువారు రెండు తెగలవారు. మొదటివారు, బాలుర చెవిని క్రౌర్యము వేయరాదు, వేసినచో ద్వేషము పుట్టునందురు. రెండవవారు, చెప్పవలసినచో తేదీలును పత్రములును చాలును, కల్పన యేల యందురు. ఈ రెండు పక్షములును త్రోసివేయఁదగినవి గావు గాని, నిలుచునవియుఁ గావు.

మొదటివారి మాట విందము. బడి మౌనము వహించినంత మాత్రమున బాలుఁడు ఎఱుఁగకుండునా? ఇంట నవ్వ చెప్పును, వీథిలో స్నేహితుఁడు చెప్పును, తెర చూపును. 2024 మార్చి నెలలో విడుదలయిన ‘రజాకార్’ చలనచిత్రముమీఁద నడచిన వాదములు ఈ చరిత్రము నేఁటికిని చల్లాఱలేదని చాటినవి. సెప్టెంబరు 17వ తేదీకి విమోచనమని, విలీనమని, సమైక్యతయని, ప్రజాపాలనయని పలువురు పలుపేళ్ళు పెట్టుచున్నారు. 2022 మొదలు కేంద్రప్రభుత్వము విమోచన దినోత్సవమును సికిందరాబాదు పరేడు మైదానముననే జరుపుచు వచ్చినది. ఆ కవాతును జూచి యింటికి వచ్చిన పిల్లవాఁడు ‘ఇది దేనికి?’ అని యడుగక మానఁడు. ఒక యింట నతనికి ఆగస్టు నెల కథ చెప్పుదురు. మఱియొక యింట సెప్టెంబరు నెల కథ చెప్పుదురు. ఇంటింట నున్నది సగము చరిత్రమే. ఆ రెండు సగములును ఒకచోటఁ గలిసికొనఁగల తావు బడి యొక్కటియే. అది నోరు మెదపనిచో ద్వేషము పుట్టకుండుట యుండదు. సగము చరిత్రమునందే అది పెరుగును.

రెండవ పక్షమునకు మన యాలంకారికులే సమాధానము చెప్పియున్నారు. మమ్మటుఁడు వేదమును ప్రభువు మాటతోను, పురాణేతిహాసములను మిత్రుని మాటతోను, కావ్యమును కాంత మాటతోను పోల్చెను. పత్రము ప్రభుసమ్మితము, ‘ఇంతమంది చచ్చిరి’ అని శాసించును. పదమూఁడేండ్ల బాలుఁడు ఆ సంఖ్యను పరీక్షకొఱకు గుర్తుంచుకొని, పరీక్షానంతరము మఱచును. పీడన మనఁగా నేమి? తలుపు తట్టిన చప్పుడునకు తల్లి యేల యులికిపడును? ఊరిలో నందఱు నెఱిఁగిన మనిషి యొకనాఁడు ఏల తల త్రిప్పుకొని పోవును? ఇవి సంఖ్యలచేఁ దెలియవు. ఇవి తెలుపుటకుఁ గథయే కావలయును.

అయినను ఇచట మన యలంకారశాస్త్రమునే యొక చోటఁ గొంత కట్టుబాటు చేయవలసి యున్నది. కథావస్తువు ప్రఖ్యాతము, ఉత్పాద్యము, మిశ్రము అని త్రివిధమని దశరూపకము చెప్పుచున్నది. చారిత్రక నవల మిశ్రమునకుఁ జేరును. ప్రఖ్యాతకథలో రసమునకు విరుద్ధమగు నంశమున్నచో దానిని విడిచి, రసానుగుణముగా వేఱొకదానిని గల్పింపవచ్చునని ఆనందవర్ధనుఁడు కవికి స్వాతంత్ర్య మిచ్చెను. దుష్యంతుని విషయమునఁ గాళిదాసు ఆ స్వాతంత్ర్యమునే వాడుకొని శాపమును గల్పించెను. దానివలన నెవ్వరికిని అన్యాయము జరుగలేదు. కాని నిన్నమొన్నటి పీడనమునందు, రసపోషణమునకై యొక యూరి చావులను బెంచుటయు, ఒక తెగవారందఱిని ముష్కరులుగాఁ జిత్రించుటయు, మేలు చేసిన పొరుగువానిని కథనుండి తొలఁగించుటయు బ్రదికియున్నవారిమీఁద నింద మోపుటయే యగును. ఇచట రసము సత్యమునకు లోఁబడవలయును. కవి వ్యక్తులను గల్పింపవచ్చును, సంభాషణములను గల్పింపవచ్చును. పీడనము నడచిన తీరును మాత్రము కల్పింపరాదు. ఈ నియమమే యీ జాతి నవలలకు నేను జెప్పు నౌచిత్యము.

ఇఁక మన గ్రంథములను బరిశీలింతము. బొల్లిముంత శివరామకృష్ణగారి ‘మృత్యుంజయులు’ 1947లో, పోరాటము జరుగుచుండఁగనే వెలువడినది. అది ఆ కాలపు వేఁడిలోఁ బుట్టిన గ్రంథము గాన, చరిత్రము చెప్పుటకంటె పోరుటకు బిలుచుట దానికి ముఖ్యము. దానిని బాలురకుఁ జూపినచో సమకాలిక సాక్ష్యముగాఁ జూపవలయును.

వట్టికోట ఆళ్వారుస్వామిగారు ఈ నగరమునకు మిక్కిలి దగ్గఱివారు. 1938లో సికిందరాబాదునందు దేశోద్ధారక గ్రంథమాలను స్థాపించి, పుస్తకములను మోసికొనిపోయి ప్రజలకుఁ జేర్చిన ధన్యుఁడు. పలుమాఱులు చెఱసాల చూచినవాఁడు. ఆయన ‘ప్రజల మనిషి’ రజాకారుల కాలమునకుఁ బూర్వపు కథ. 1930ల నాఁటి నిజామాబాదు ప్రాంతమునందలి దిమ్మెగూడెము, దేశముఖు రామభూపాలరావు, అతని నెదిరించిన కంఠీరవము అందలి ముఖ్యాంశములు. రజాకారుల కథ బోధింపఁదలఁచినవారు దీనిని దాఁటి పోవుదురు. అది పొరపాటు. పీడనము ఒక్క యాగస్టు నెలలో నాకసమునుండి ఊడిపడలేదు. వెట్టియు, లేవీ ధాన్యమును, నాగువడ్డీయు, గడీ యెదుట చేతులు కట్టుకొని నిలుచుటయు ననేక సంవత్సరములుగా జనులను వంచియుంచినవి. ఆ వంపు మీఁదనే రజాకారులు కాలు మోపిరి. పీడకుఁడును పీడితుఁడును మతమునుబట్టి యేర్పడిరని తలఁచు బాలునకు, విసునూరు దేశముఖు నెదిరించి 1940 ప్రాంతమున హత్య గావింపఁబడిన కామారెడ్డిగూడెము రైతు షేక్ బందగీ పేరు చెప్పవలయును. ఇచట దేశముఖు హిందువు. ప్రాణములు గోల్పోయిన రైతు ముస్లిము. ‘ఆళ్వారుస్వామిగారి నవలలో భూమి యెవరిది? భయ మెవరిది?’ అను రెండు ప్రశ్నములు వేసి చదివించినచో, పిల్లలు తరువాతి చరిత్రమును గ్రహించుటకు సిద్ధపడుదురు.

దాశరథి రంగాచార్యులుగారును సికిందరాబాదు పురపాలక సంఘమునఁ జాల కాలము పనిచేసినవారే. ఆయన ‘చిల్లర దేవుళ్ళు’ (1969), ‘మోదుగుపూలు’, ‘జనపదం’ క్రమముగాఁ బోరాటమునకు ముందటి కాలమును, పోరాటకాలమును, తదనంతరకాలమును జెప్పుచున్నవి. ‘చిల్లర దేవుళ్ళు’ నందు పాణి యను సంగీతకారుఁడు బయటి ప్రాంతమునుండి తెలంగాణపు పల్లెకు వచ్చును. గడీయనఁగా నేమో, దొర యనఁగా నేమో, దొరబిడ్డతో నత్తవారింటికిఁ బంపఁబడు ఆడబాప బ్రదుకెట్టిదో యతఁడు మెల్లమెల్లగా నెఱుఁగును. ఎఱుఁగని పాఠకునకు ఎఱుఁగని పాత్ర కన్నులిచ్చుట మేలైన పద్ధతి. పాణితోఁబాటు బాలుఁడును ఆశ్చర్యపడి, బాధపడి, నేర్చికొనును. మఱియు నీ గ్రంథమునందలి భాషయే యొక పాఠము. ‘బాంచెను’ అను మాటకు దాసుఁడనని యర్థము. ప్రతివాక్యము తుదను ఆ మాట పలుకవలసిన మనిషి యేమగునో పిల్లవానిచే నాలోచింపఁజేసినచో, పది హత్యాఘట్టములు చదివినదానికంటె నెక్కుడు తెలిసికొనును. ‘రజాకారు’ అను మాటకు స్వచ్ఛందసేవకుఁడని యర్థము. ఇంత మంచి మాట యింత భయంకరమెట్లయ్యెనని యడుగుట ఉత్తమమైన చరిత్ర ప్రశ్నము.

అయినను బయటివాని కన్నులలో నొక దోషమును గలదు. చూచువాని దుఃఖము పెద్దదై, బాధపడువాని దుఃఖము వెనుకకుఁ బోవచ్చును. ఈ దోషమునకు పాశ్చాత్య సాహిత్యమున నొక ప్రసిద్ధోదాహరణము గలదు. జాన్ బోయిన్ 2006లో వ్రాసిన ‘ది బాయ్ ఇన్ ది స్ట్రైప్డ్ పైజమాస్’ నందు, యూదుల నిర్బంధ శిబిరమునకు అధికారియగు నాజీవాని తొమ్మిదేండ్ల కొడుకు కంచె యావలి యూదు బాలునితో స్నేహము చేసి, తుదకు వానితోఁబాటు మరణించును. లక్షలకొలఁది పిల్లలు దానిని చదివి కన్నీరు పెట్టుకొనిరి. ఆ కన్నీరు మిక్కిలిగా నెవరికొఱకు? అధికారి కొడుకుకొఱకు. కంచె యావలి బాలుఁడు నిమిత్తమాత్రుఁ డయ్యెను. ఆ చరిత్రమును జదువువారును బోధించువారును ఆ నవలను విడిచిపెట్టుట మంచిదని ఆష్విట్జ్ స్మారక ప్రదర్శనశాల 2020లో హెచ్చరించినది. దీనికి ఎదురుగా లోయిస్ లౌరీ 1989లో ‘నంబర్ ది స్టార్స్’ అను నవల వ్రాసెను. 1943లో డెన్మార్కునందలి యూదులను వారి యిరుగుపొరుగువారు పడవలమీఁద స్వీడనునకుఁ దాఁటించుట అందలి కథ. ఆమె గ్రంథాంతమున, ఇందు జరిగిన దిది, నేను గల్పించిన దిది యని బాలురకుఁ దేటగా వ్రాసియిచ్చినది. ఈ యొక్క సంప్రదాయమును మనవారు గ్రహింపవలయును. మన నవలలు పెద్దలకొఱకు వ్రాసినవే గాని బాలురకొఱకు వ్రాసినవి గావు; కాఁబట్టి అట్టి యనుబంధమును వ్రాయవలసిన భారము ఉపాధ్యాయునిమీఁదఁ బడుచున్నది.

‘చిల్లర దేవుళ్ళు’ చదివించునపుడు పాణి వగపుతో నాఁగరాదు. ఆడబాపయే కథ చెప్పినచో నెట్లు చెప్పును? ఈ ప్రశ్నము వేసినచో బయటివాని కన్నులలోని దోషము చాలవఱకుఁ దీఱును.

ఇఁక రెండవ సగము. పోలీసు చర్య జరుగుచుండఁగను, ముగిసిన తరువాతను సంస్థానమున ముస్లిములమీఁద హత్యలును దోఁపిళ్ళును మానభంగములును జరిగినవి. వానిని విచారించుటకు 1948 తుదను పండిత సుందరలాలు, కాజీ అబ్దుల్ గఫారు మొదలగువారు కేంద్రప్రభుత్వపు పంపున సంస్థానమునఁ దిరిగి నివేదిక సమర్పించిరి. ప్రాణములు గోల్పోయినవారు 27,000 మొదలు 40,000 వఱకు నుందురని వారి యంచనా. ఉస్మానాబాదు, గుల్బర్గా, బీదరు, నాందేడు జిల్లాలలో నష్టము మిక్కుటమనియు, తెలంగాణ జిల్లాలలో అంతకంటెఁ దక్కువ యనియు వారు తెలిపిరి. ఆ నివేదిక దశాబ్దములపాటు ప్రచురింపఁబడలేదు. అదే నివేదికయందు, హిందూ సాలెవారు ముస్లిము సాలెవారిని తమ ప్రాణములకుఁ దెగించి కాపాడిరనియుఁ గలదు. ఒకే మగ్గపు పని చేయువారి మైత్రి అది. బాలునకు ఈ రెండు విషయములును గలిపి చెప్పవలయును. ఒకటి చెప్పి యొకటి దాఁచరాదు.

తెలుఁగు కథాసాహిత్యమునందు ఈ సగమునకుఁ జోటు స్వల్పము. హైదరాబాదు నగరపు ముస్లిము కుటుంబముల జీవనమును ఆత్మీయతతోఁ జిత్రించిన నెల్లూరి కేశవస్వామిగారి ‘యుగాంతం’ కథ ఆ దినములను విషయముగాఁ గొన్నది. అది చిన్నకథ గాన, ‘మోదుగుపూలు’ చదివినవారిచే దాని వెంటనే చదివింపవచ్చును. అట్లు చదివింపక సెప్టెంబరు 17వ తేదీతో పుస్తకము మూసినచో, మన వాఁడు పీడించినపుడు దానిని పీడన మని గుర్తింపలేని బాలుని దయారుచేసినవార మగుదుము. నా యభిప్రాయమున చారిత్రక నవలాబోధనమునకు పరీక్ష యిదియే: చదివిన బాలుఁడు తనవారి చేతిలోని కత్తిని జూడఁగలుగునా లేదా?

పండితులకు ఇందు విస్మయ మక్కఱలేదు. మన యితిహాసమే యీ త్రోవ చూపినది. భారతకథ దుర్యోధనుని పతనముతో ముగియవలసినదే యైనచో, సౌప్తిక స్త్రీపర్వములతోఁ బని యేమి? నిద్రించువారిని జంపిన యశ్వత్థామను వ్యాసుఁడు దాఁచలేదు. గెలుపు దక్కిన మఱుసటి యుదయముననే గాంధారిని యుద్ధభూమికిఁ దెచ్చెను. ఆమె తన నూర్గురు కొడుకులకొఱకే గాక, శత్రుపక్షపు బాలుఁడగు నభిమన్యునికొఱకును విలపించినది. తిక్కన ఆ పర్వమును దెనిఁగించెనే గాని విడువలేదు. ధర్మపక్షము గెలిచిన తరువాతను లెక్క చెప్పవలసియుండునని బోధించుటకు మనకు పరదేశపు గ్రంథములు చూపనక్కఱలేదు.

బోధనక్రమమును గుఱించి నాలుగు మాటలు చెప్పి ముగింతును. పదియేండ్లలోపు పిల్లలకు ఈ గ్రంథములు తగవు. వారికి బందగీ కథయు, సాలెవారి కథయు నోటితోఁ జెప్పినఁ జాలును. పదునొకండు మొదలు పదమూఁడేండ్లవారికి ‘ప్రజల మనిషి’ నుండి యేఱిన ప్రకరణములను, మాటలకుఁ దాత్పర్యము చెప్పుచుఁ జదివింపవచ్చును. ‘చిల్లర దేవుళ్ళు’ నందు ఆడబాపల దుఃస్థితి ప్రసక్తి యున్నందున పదునాలుగేండ్లు నిండినవారికే యీయవలయును. అపుడును దానిని దాఁటవేయక, గౌరవముతో మాటలాడవలయును.

చదువు ముగిసిన పిమ్మట నల్లబల్లమీఁద రెండు వరుసలు గీచి, ‘జరిగినది’, ‘కల్పించినది’ అని వ్రాయించి, కథాంశములను పిల్లలచేతనే వేఱుపఱపింపవలయును. సందేహము వచ్చినచోట మూఁడవ వరుస వేయవలయును. బైరానుపల్లిలో మరణించినవారి సంఖ్య పుస్తక పుస్తకమునకు వేఱుగాఁ గనఁబడుచున్నది. ఆ భేదమును దాఁచక చూపినచో, సంఖ్య సందిగ్ధమైనను సంఘటన సత్యమనుట యెట్లో పిల్లలు నేర్చికొందురు. వీలున్నవారు ఆ యూరి బురుజును జూపి రావలయును. పాత్రలను పంచి, నీవు రజాకారువు, నీవు గ్రామస్థుఁడవు అని యాడించుట మాత్రము కూడదు. అట్టి యాట తరగతిలో మొదలై వీథిలోఁ గొనసాగును. దానికి బదులుగా చూచుచు నిలిచినవానిని గుఱించి యడుగవలయును: పొరుగింటివాఁడు ఏమి చేసెను, ఏమి చేయఁగలిగియుండెను? బాలుఁడు పెద్దవాఁడైన పిదప తఱచుగా నుండఁబోవు స్థానమదియే.

తుదకు, తరగతిలో నే పిల్లవానిని జూచియు ‘మీవారు’ అని పలుకరాదు. షోయబుల్లాఖాను పేరును బైరానుపల్లి పేరుతోఁబాటు చెప్పవలయును. బైరానుపల్లి పేరును సుందరలాలు నివేదికతోఁబాటు చెప్పవలయును. ఈ క్రమము తప్పని యుపాధ్యాయుని చేతిలో నవల గొప్ప సాధనము. తప్పినవాని చేతిలో దానికంటె తేదీల పట్టికయే మేలు. అట్టి పట్టికవలన మేలు స్వల్పమైనను, కీడు లేదు. నవలవలనఁ గలుగు మేలును గీడును రెండును పెద్దవి. సికిందరాబాదు పాఠశాలల పండితులు ఈ భేద మెఱిఁగి గ్రంథములను జేపట్టుదురు గాక.